లేచెడి కప్పా, కదలని కప్పా?



ఈ శీర్షికను చూడగానే మీలో పెక్కండ్రకు నవ్వు రావచ్చును. ఇంటికి పెంకుల కప్పు వేయుదమా, మేడ కట్టుదమా యను తర్కము విన్నాము గాని, లేచెడి కప్పేమి, కదలని కప్పేమి యని మీరడుగుదురు. ఇది యింటిమాట కాదు, బండిమాట. అయినను బండియే యిల్లైనప్పుడు దాని కప్పును గూర్చి యిల్లాలు ఆలోచింపకున్న మఱెవ్వ రాలోచింతురు? మా యింట నీ విషయమై యేడాదిన్నర చర్చ జరిగినది. మన తెలుగు కుటుంబములు పెక్కు ఇంగ్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములందు స్థిరపడి, అచ్చటివారివలెనే సెలవులలో ఇట్టి బండ్లు కట్టించుకొని తిరుగుచున్నవి. మీ కూతురో కోడలో రేపు మిమ్ము నట్టి బండి యెక్కింపవచ్చును. అందుచేత మాకు తెలిసినది మీతో చెప్పుకొనుచున్నాము.

మావారు ఇంగ్లండు ఉత్తరభాగమున, యార్క్‌షైరు సీమలోని యొక చిన్నపట్టణములో గణితోపాధ్యాయులు. మేము బడిలో చదివినది తక్కువ. తాతగారి యొద్ద రామాయణ భారతములు చదువుకొని పెరిగినవారము. మాకొక కూతురు, ఒక కొడుకు. అత్తగారు నరసరావుపేట కడ మా గ్రామములో నుందురు. మామగారు గతించిన పిమ్మట రెండేండ్ల కొకమాఱు వేసవిలో వచ్చి మా కడ నాలుగైదు మాసములుండి పోవుట అలవాటైనది. ఉపాధ్యాయుని జీతముతో ఐదుగురము హోటళ్ళలో దిగుట కాని పని. బడి సెలవులు రాగానే యా హోటళ్ళ వెలలు పెరుగును. ఉపాధ్యాయునికి తీరిక దొఱకునదియు నప్పుడే! పైగా అత్తగారు పరుల చేతి వంట తినరు. ఈ కారణములచే మా దృష్టి క్యాంపర్ వ్యానుపై బడినది.

సామాను మోయు వ్యానులో పడక, పొయ్యి, నీళ్ళతొట్టి, చిన్న బీరువా, పాలు పెరుగు చల్లగా నుంచు పెట్టె అమర్చినచో నది క్యాంపర్ వ్యాను. జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గు నగరమున ఫోక్స్‌వాగన్‌వారు 1950 మార్చిలో పెట్టెవంటి యొక వ్యానును తయారుచేయ నారంభించిరి. మఱుసటి యేడే, అనగా 1951లో, వెస్ట్‌ఫాలియా యను సంస్థవారు దానిలో నమర్చుటకు క్యాంపింగ్ బాక్స్ అను సామగ్రిని సిద్ధపఱచిరి. ఇంగ్లండులో ఫోక్‌స్టన్ పట్టణమునందలి మార్టిన్ వాల్టర్ సంస్థవారు బెడ్‌ఫర్డ్ వ్యానులను డార్మొబైల్ అను పేరున ఇండ్లబండ్లుగా మార్చిరి. 1950ల దశాబ్దములోనే వాని కప్పును ఒక ప్రక్క కీలులపై పైకెత్తి, నడుమ చారలగుడ్డను గోడగా నిలిపిరి. మా పొరుగింటి వృద్ధురాలు నేటికిని ఆ చారలగుడ్డను తలచుకొని తన చిన్ననాటి సంగతులు చెప్పుచుండును.

చిక్కంతయు ఆ కప్పుతోనే వచ్చినది. సామాన్యమైన వ్యాను ఎత్తు నేలనుండి రెండు మీటర్లకు లోపు. లోపల నాలుగున్నర అడుగులు మాత్రమే యుండును; పెద్దవారు నిటారుగా నిలువజాలరు. దీనికి రెండుపాయములు. మొదటిది, ఉన్న యినుపకప్పును కోసి తీసివేసి, ఆ స్థానమున పైకిలేచు మూతను బిగించి, మూతకును బండికిని నడుమ కిత్తానుగుడ్డ కుట్టుట. దీనిని పాప్ టాప్ అందురు. ప్రయాణములో కప్పు దిగియుండును. దిగిన చోట లేచి నిలుచును. లేచిన దానిలో పలక పఱచినచో నిద్దఱు పిల్లలకు పడక యగును. రెండవది, ఎత్తైన కప్పును స్థిరముగా బిగించుట, లేదా మొదటినుండియు ఎత్తుగా కట్టిన వ్యానునే తీసికొనుట. దానికి హై టాప్ అని పేరు.

మన పల్లెలలో నొకప్పుడు గూడుబండ్లుండెడివి గదా. అత్తగారు చిన్నతనమున మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు ఆ బండిలోనే పోయిరట. వెదురుబద్దలు వంచి, పైన చాప కప్పి కట్టిన గూడు. పండుగ కాగానే దానిని ఊడదీసి చూరున వ్రేలాడగట్టి, ఆ బండితోనే వడ్లు తోలెడివారట. ఆ గూటిలో నెవరును నిలువవలసిన పనియే లేదు. దిగినచోట చెట్టునీడ యున్నది. మూడు రాళ్ళు పెట్టిన పొయ్యి యున్నది. చీర మార్చుకొనవలెనన్న నలుగురాడువారు దుప్పటి పట్టినచో గది యైనది. మాఘమాసములో నరసరావుపేట ప్రాంతమున వాన కురియదు. బ్రిటను దేశములో నట్లు గాదు. అచ్చట బయట వాన, గాలి. కావున వంటయు, స్నానమైన పిమ్మటి కట్టుబట్టయు, పూజయు, పిల్లల పోట్లాటయు నన్నియు బండి లోపలనే. ఈ భేదమును మేము స్వయముగా పడినగాని తెలిసికొనలేదు.

2022 ఆగస్టులో ఒక లేచుకప్పు బండిని ఎనిమిది దినములకు బాడుగకు తీసికొని స్కాట్లండు పడమటి తీరమునకు పోతిమి. పిల్లలు పై పడకలో, అత్తగారును మేమును క్రింది పడకలో, మావారు బండిప్రక్కన చిన్నగుడారములో పరుండునట్లు ఏర్పాటు. మొదటి మూడు దినములు బాగుగనే గడచినవి. ఆ పై పడక పిల్లలకు స్వర్గమే యయ్యెను. గుడ్డకున్న చిన్నకిటికీ తెఱచి, రాత్రి తొమ్మిది గంటలకును చీకటి పడని యా సముద్రమును చూచుచు, గుసగుసలాడుచు, నవ్వుచు, ఎంతకును నిద్రపోకుండిరి. ఆ నవ్వులు విని అత్తగారు చీకటిలో తామును నవ్వుచుండిరి. అచ్చట మిడ్జ్ అను పురుగొకటి కలదు. అది మన దోమకు మనుమరాలంత యుండును. సామాన్యమైన వలలో నుండి దూరివచ్చి కుట్టును. కిటికీకి దట్టమైన వల లేకపోవుటచే పిల్లల మొగములు ఎఱ్ఱని చుక్కలతో నిండినవి. అయినను వారు క్రిందికి దిగుట కొప్పుకొనలేదు.

మా కష్టము తెల్లవాఱుజామున మొదలయ్యెడిది. అత్తగారు నాలుగున్నరకే లేతురు. పిల్లలు పైన నిద్రపోవుచున్నంతసేపు పడకపలక మా తలలపై దిగియే యుండును. అనగా కప్పు లేచియున్నను మాకు లేచినట్టు కాదు. ఈ సంగతి బండ్లమ్మువారి చిత్రపటములలో కనబడదు. అందులో పలక పైకెత్తియుండును. ఒక యింతి నిటారుగా నిలిచి కాఫీ కలుపుచుండును. అత్తగారు అయిదడుగుల మనిషి. ఆమెయే నడుము వంచి, ఒక చేతితో బల్లను పట్టుకొని, ఆఱు గజముల చీర కుచ్చిళ్ళు పోసికొనవలసి వచ్చెను. మూడవనాటి యుదయమున ఆమె మడిచిన కుచ్చెళ్ళు జాఱి మరల మొదలుపెట్టుట మేము రెండు పర్యాయములు చూచితిమి. ఆమె నోరు తెఱచి యొక్కమాటయు అనలేదు.

నాలుగవ రాత్రి స్కై ద్వీపములో నుంటిమి. అర్ధరాత్రి దాటిన పిమ్మట గాలి లేచెను. ముందుగా మావారి గుడారము కూలెను. ఆయన తడిసిన దుప్పటితో బండిలోనికి వచ్చిరి. కిత్తానుగుడ్డ ఓడ తెరచాపవలె లోనికి బయటికి కొట్టుకొనుచుండెను, బండి యూగుచుండెను. పిల్లవాడు ఏడ్వసాగెను. ఇట్టి గాలిలో కప్పు లేపి యుంచరాదు. దింపవలెనన్నచో పై పడక ఖాళీ చేయవలెను. లోపలి గాలి పోవుటకు ఒక తలుపో కిటికీయో తెఱచియుంచవలెను. ఒకరు లోపలినుండి పట్టెడను పట్టి లాగుచుండగా, గుడ్డ అంచులలో చిక్కుకొనకుండ మఱియొకరు లోనికి ముడుచుచుండవలెను. పగటిపూట రెండు నిమిషముల పని. ఆ రాత్రి దీపము సరిగా లేదు. పఱచిన పడకమీద ఐదుగురము. మాకు చోటిచ్చుటకై అత్తగారు ప్రక్కతలుపు తీసికొని మెల్లగా దిగబోయిరి. మెట్టు తడిసియుండెను. ఆమె పడిన చప్పుడు గాలిలో మాకు వినబడనే లేదు. కప్పు దిగిన పిమ్మట చూచితిమి గదా, ఆమె తడినేలపై కూర్చుండి, కుడిచేతిని ఎడమచేతితో పట్టుకొని, "పిల్లలను ముందు సర్దుడమ్మా" యనుచున్నారు.

మణికట్టు విఱిగినది. ఆరువారములు కట్టు వేసిరి. ఆ ఆరువారములును ఆమె తల మేము దువ్వితిమి, కుచ్చెళ్ళు మేము పోసితిమి. వాని కామె యంతగా బాధపడలేదు. తన చేతితో అన్నము కలుపుకొనజాలక చెంచాతో తినవలసి వచ్చినందుకు మాత్రము సిగ్గుపడి, మేమెవ్వరమును వంటింట లేని సమయము చూచి తినెడివారు. మేము తలుపుచాటున నుండి చూచి, మరల చప్పుడు చేయక వెనుకకు పోయెడివారము.

ఇట్లు జరిగినను మావారికి బండిపై మనసు పోలేదు. మాకును పోలేదని నిజము చెప్పవలెను. కాని యేది కొనవలెనను ప్రశ్నతో ఇల్లు రెండయ్యెను. మావారు గణితోపాధ్యాయులు గనుక ఒక కాగితముపై గడులు గీసి, ఒక్కొక్క గుణమునకు పదింటికి మార్కులు వేసిరి. లేచుకప్పు బండి రెండు మీటర్లలోపు ఎత్తు గనుక, ఆ దేశములో బండ్లు నిలుపు స్థలముల ద్వారమున అడ్డముగా కట్టియుండు ఇనుపకమ్మి క్రిందనుండి తఱచుగా దూరిపోగలదు. దినదినమును బడికి తీసికొనిపోవచ్చును. ఎత్తైన బండి గాలికి ఎదురునిలుచును గావున నూనె ఎక్కువ త్రాగును. పెద్ద వంతెనలపై ప్రక్కగాలి కొట్టినప్పుడు త్రోవ తప్పజూచును. గాలి మితిమీఱిన దినములలో ఎత్తైన బండ్లను ఆ వంతెనలపైకి పోనీయరు. సముద్రము దాటించు కొన్ని పడవలవారు బండి ఎత్తునుబట్టి సుంకము పెంచుదురు. ఇవన్నియు సత్యములే. కడపట లెక్క కట్టగా లేచుకప్పునకు ముప్పదియొకటి, కదలని కప్పునకు ఇరువదియేడు వచ్చినవి.

మేము కాగితమును రెండుమార్లు చదివి, "ఇందులో నిలుచుటకు గడి యేది?" అని యడిగితిమి.

"కప్పు లేపినచో నిలువవచ్చును గదా" యనిరి.

"పిల్లలు పైన నిద్రించుచుండగా?"

"అది యొక గంట మాట."

ఆ గంటలో నేమి జరుగునో మాటలతో చెప్పినచో తెలియునది కాదు. ఆ శనివారమున వంటింట నీ గోడనుండి యా గోడకు, నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తున రెండు దండెపు త్రాళ్ళు కట్టి, వానిపై దుప్పటి పఱచితిమి. "నేడు కాఫీయు ఉప్మాయు మీ వంతు. దుప్పటికి తల తగులకూడదు" అంటిమి. ఆయన నవ్వుచు మొదలుపెట్టిరి. ఉల్లిపాయలు తరుగునప్పటికి నవ్వు తగ్గినది. పోపు మాడినది. ఉప్మా దింపి, నడుము పట్టుకొని కుర్చీలో కూర్చుండి, తమ కాగితము తెచ్చుకొని, ఒక క్రొత్తగడి గీసి, దానికి మార్కులు వేయకుండ నుంచిరి. పిల్లలు మాత్రము ఆ వారమంతయు దుప్పటి తీయనీయక దాని క్రిందనే భోజనములు చేసిరి!

ఓడిపోవుట యిష్టములేక మావారు మఱుసటిదినమున మా పుస్తకమునే మాపై ప్రయోగించిరి: "శ్రీరాముడంతవాడు పర్ణశాలలో కాపురముండెను. నీకు గుడ్డగోడ చాలదా?" మేమంటిమి: "నిజమే. కాని వానకాలము రాగానే ఆ రాముడే ప్రస్రవణపర్వతముపై గుహ చూచుకొని యందులో నుండెను. కిష్కింధాకాండములో నున్నది, చూచుకొనుడు. మఱియు పంచవటిలో కుటీరమునకు చోటు వెదకుమని లక్ష్మణునితో చెప్పునప్పుడు సీత మనసునకు నచ్చు చోటు కావలెనని మొదట ఆమె పేరే చెప్పినాడు. తన మాట కడపట." ఆయన సమాధానము చెప్పక వార్తాపత్రిక తెఱచిరి. పురాణముతో గెలిచిన గెలుపు గెలుపు కాదని మాకును తెలియును. బండ్లను చూచి తేల్చుకొనవలసినదే.

శీతకాలమంతయు ఆదివారములందు తిరిగి బండ్లు చూచితిమి. అన్నియు పాతవియే, క్రొత్తవాని వెలలు మాకందవు. చూచి చూచి మాకు కొంత నేర్పు వచ్చినది. అది మీలో నెవరికైన నుపయోగపడునేమో.

లేచుకప్పు బండిని చూడబోవునప్పుడు కప్పు లేపించి, గుడ్డ మడతలయందు ముక్కు పెట్టి వాసన చూడవలెను. తడిగుడ్డను మడిచి మూసిన బండి బూజువాసన వేయును. ఎంత తుడిచినను అది పోదు. వానలో దింపవలసి వచ్చినచో, ఇల్లు చేరగానే మరల లేపి ఆరబెట్టవలెను. మన వంటకు మఱియొక చిక్కు: ఇంగువపోపు, ఆవాలు, ఎండుమిరపకాయల ఘాటు గుడ్డలో నెక్కి కూర్చుండును. మేము బాడుగకు తెచ్చిన బండిని తిరిగి యొప్పగించునాడు దాని యజమాని తల లోనికి పెట్టి, ఏదో మంచి భోజనపు వాసన యని మర్యాదగా ననెను. మాకు సిగ్గుతో నోట మాట రాలేదు. ఇంకొక ముఖ్యవిషయము. ఇనుపకప్పు బండికి బలము. దానిని కోసినప్పుడు అంచుచుట్టును ఉక్కుచట్రము బిగించి ఆ బలమును మరల నీయవలెను. ఆ చట్రమున్నదా, పరీక్షకు నిలిచినదా యని కాగితములు చూపుమనవలెను. ఒకచోట అమ్మువాడు, "ఎన్నియేండ్లనుండియో నడుచుచున్నది గదా" యని నవ్వి త్రోసివేసెను. మేమా బండిలో కూర్చుండనైన లేదు. ఆరేండ్లలోపు పిల్లలను పై పడకలో పరుండబెట్టరాదు; పెద్దపిల్లలకైనను అంచున వల యుండవలెను.

కదలని కప్పునకు గుడ్డ బాధ లేదు గాని యతుకుల బాధ యున్నది. కప్పును బండికి అతికించిన చోటను, గాలిమూత బిగించిన చోటను నీరు కారును. లోపలి పైపలకపై గోధుమరంగు మరక యున్నదా యని చూడవలెను. మరక కడ వ్రేలితో నొక్కినచో మెత్తగా నున్న బండి పనికిరాదు. కప్పులోపల చలి నాపు దూది దట్టించినారా యని యడుగవలెను. నిద్రించు మనిషి యూపిరిలో తెల్లవాఱునప్పటికి గ్లాసెడు నీరైనను బయటికి వచ్చును. ఐదుగురికి ఐదు గ్లాసులు. చలి తగులు ఇనుపరేకుపై నది చెమటవలె పట్టి, పలకల వెనుకకు జాఱి తుప్పు పట్టించును. పైన పంకా యున్న గాలిమూత ఉండితీరవలెను. అన్నము వార్చునప్పటి యావిరి పోవుటకు మాత్రమే గాదు. తలుపులన్నియు మూసికొని గ్యాసు పొయ్యి వెలిగించినచో నది ప్రాణాపాయము. ఏ కప్పైనను ఇది మఱువరాదు.

ఒక వింత. ఆ దేశమున బండ్ల పట్టీ వ్రాయు ప్రభుత్వకార్యాలయమువారు, మార్చిన వ్యానును నివాసపు బండిగా వ్రాయుటకు బయటనుండి కనబడవలసిన గుర్తులు కొన్ని చెప్పుదురు. వానిలో ఎత్తైన కప్పొకటి. లేచెడి కప్పు దీని క్రిందికి రాదని స్పష్టముగా వ్రాసియున్నారు. మేమది మావారికి చదివి వినిపించి, "దొరతనమువారుగూడ మా పక్షమే" యంటిమి. "వారు బయటనుండి చూచి చెప్పినమాట, నీవు లోపలనుండి చెప్పుచున్నావు" అనిరి. ఆ మాట మాకు నచ్చినది.

తుదకు రెండు బండ్లు మిగిలినవి. లేచుకప్పుది నలువదివేల మైళ్ళు నడిచినది, ఇరువదిమూడువేల పౌనులు. కదలని కప్పుది తొంబదివేల మైళ్ళు నడిచిన పెద్దబండి, పదునెనిమిదివేల పౌనులు. అందులో మూడువేల రెండువందలు మావి. మావి యనగా, పిల్లల బడిలో మధ్యాహ్నభోజనపు వేళ పిల్లలను కనిపెట్టు పనికి మాకిచ్చిన కూలి నాలుగేండ్లు కూడబెట్టినది. ఆ సంఖ్యను చెప్పుట సభ్యత కాదేమో. కాని ఆ సొమ్ము లేకున్న మేము వంటింట త్రాళ్ళు కట్టియుందుమా యని మమ్ము మేమే యడిగికొన్న రాత్రులున్నవి.

అత్తగారిని అడుగకుండ తేల్చరాదని ఫోనులో మొగము చూపి యడిగితిమి. ఆమె వెంటనే, "ఆ లేచేదే కొనుడు" అనిరి. మావారి మొగము వికసించెను. "నా చెయ్యి విఱిగినది నా తొందరపాటువలన. బండి యేమి చేసినది? పిల్లలు పైన పడుకొని నవ్వుచుంటే మా చిన్ననాడు డాబామీది పడకలు గుర్తు వచ్చినవమ్మా. నేనా, ఇంకెన్ని మార్లు వత్తును? నా కొఱకు పిల్లలకు లేకుండ చేయకు."

మాకు గొంతు పట్టుకొన్నది. "మీ కొఱకు గాదు, అత్తయ్యగారూ. వంగి వంగి వంట చేయలేక మా కొఱకే యడుగుచున్నాము" అంటిమి. అది సగము నిజము. ఆమె మా వైపు కొంతసేపు చూచి, "నీ కొఱకైతే సరే" యనిరి. తమ కొఱకని చెప్పినచో నెన్నటికి నొప్పుకొనరని మేమెఱుగుదుము. మేమెఱుగుదుమని ఆమెకును తెలిసియుండునని మా యనుమానము.

2024 మార్చిలో కదలని కప్పు బండి వచ్చినది. పొడవు ఆరు మీటర్లు. గాలిమూతతో ఎత్తు రెండు మీటర్ల అరువది సెంటీమీటర్లు. ఆ సంఖ్యను మావారు పెద్దయక్షరములతో వ్రాసి, నడుపువాని కన్నులకెదురుగా అంటించిరి. మఱచి కమ్మి క్రింద దూర్చినచో కప్పు చీలిపోవును. డ్రైవరు తలపై కప్పులోనున్న చోట పిల్లలకు పలకపడక యమర్చితిమి. అది మా దారికి అడ్డము రాదు. ఉదయమున నాలుగున్నరకైనను మేము నిటారుగా నిలిచి, తల దువ్వుకొని, చీర కట్టుకొని, కాఫీ కలుపుకొందుము. మొదటినాడు ఆ సుఖమునకు కన్నీరు వచ్చినంత పనియైనది. ఊరక నిలుచుటలో నింత సుఖముండునని యెవరనుకొందురు!

పోగొట్టుకొన్నదియు నున్నది. ఆ వేసవిలో సముద్రతీరమున నొక యూరికి పోతిమి. బండ్లు నిలుపు ప్రతిచోటను రెండుమీటర్ల పైచిలుకున ఇనుపకమ్మి. మూడుచోట్ల త్రిప్పుకొని, కడపట మైలు దూరమున నొక పొలపు గట్టున బండి నిలిపి, చేతిసంచులతో నడిచితిమి. లేచుకప్పు బండ్లు మా కన్నులయెదుటనే ఇసుకయొడ్డువఱకు పోయి నిలిచినవి. ఒకదాని కప్పు లేచెను. గుడ్డకిటికీ నుండి యిద్దఱు పిల్లలు తలలు బయటికి పెట్టిరి. మా పిల్లవాడు వారినే చూచుచు నిలిచెను. మావారును చూచిరి. ఏమియు అనలేదు. మేము పులిహోర డబ్బా మూత తీసితిమి.

అమ్మాయి మాత్రము నిర్మొగమాటముగా చెప్పును: ఈ పడకలో చుక్కలు కనబడవు, సముద్రపు చప్పుడు వినబడదు, వాన పడినప్పుడు డప్పు కొట్టినట్లుండును అని. దాని తలవైపున కప్పులో చిన్న గాజుకిటికీ పెట్టించుటకు పనివానిని అడిగితిమి. ఆరువందల పౌనులనెను. కప్పుకు మఱియొక కన్నము పెట్టుట యనగా నీరుకారుటకు మఱియొక చోటని మావారి యభిప్రాయము. అది యింకను తేలలేదు.

అత్తగారు వచ్చు మేనెలలో రాబోవుచున్నారు. బండిగడప నేలకు పదునాలుగు అంగుళముల ఎత్తున్నది. సగము ఎత్తున, అనగా ఏడంగుళములకు, మావారు కొయ్యతో నొక పీట చేసి, దానిపై రబ్బరుముక్క మేకులతో కొట్టి, తడిపి, తామే పదిమార్లు ఎక్కి దిగి చూచిరి. చలికి ఆమె కుడిమణికట్టు ఇప్పటికిని నొప్పెట్టునని చెప్పియుండిరి గావున, పట్టుకొను పిడిని గడపకు ఎడమవైపున బిగించినారు.